3.756 ఆంగ్‌స్ట్రామ్‌ల పట్టు: పలుచని పొరను బిగిస్తే అతివాహకత ఎందుకు పెరుగుతుంది?

లాంథనం, స్ట్రాన్షియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక ఆక్సైడ్ ఉంది. ప్రయోగశాలల్లో దాన్ని ఎల్‌ఎస్‌సీఓ అంటారు. స్ట్రాన్షియం పాలు 0.1 ఉన్న ఎల్‌ఎస్‌సీఓను గడ్డగా తయారుచేస్తే సుమారు 25 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది, అంటే దాని విద్యుత్ నిరోధం పూర్తిగా పోతుంది. అదే పదార్థాన్ని స్ట్రాన్షియం లాంథనం అల్యూమినేట్ పలక మీద పదిహేను నానోమీటర్ల మందాన పెంచితే 49 కెల్విన్ దగ్గరే అతివాహకత వస్తుంది. స్ట్రాన్షియం టైటనేట్ పలక మీద పెంచితే 10 కెల్విన్‌కు పడిపోతుంది. 1998లో నేచర్ పత్రికలో ఈ మూడు అంకెలు పక్కపక్కన వచ్చినప్పటి నుంచి, కింద వేసే పలకను మార్చి అతివాహకత్వాన్ని మార్చవచ్చన్న ఆలోచన బలంగా నాటుకుంది.

2024 డిసెంబర్‌లో అదే అల్యూమినేట్ పలక మళ్ళీ ముందుకొచ్చింది. మూడు లాంథనం, రెండు నికెల్, ఏడు ఆక్సిజన్ పరమాణువులుండే నికెలేట్ గడ్డగా ఉన్నప్పుడు 14 గిగాపాస్కల్‌లకు పైగా ఒత్తిడి పెడితేనే 80 కెల్విన్ చుట్టూ అతివాహకమవుతుందని 2023లో తేలింది. స్టాన్‌ఫోర్డ్ బృందం దాన్ని కొద్ది నానోమీటర్ల పొరగా ఈ పలక మీద పెంచి, బయటి ఒత్తిడి ఏమీ లేకుండానే 26 నుంచి 42 కెల్విన్‌ల మధ్య అతివాహకత మొదలవడం చూపింది.

పొరను బిగిస్తే అతివాహకత మెరుగవుతుందన్న మాట నిజమే. కాని ఆ మాటలో మూడు వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. పరమాణువుల మధ్య దూరం మారడం ఒకటి. ఆక్సిజన్ పాలు మారడం రెండోది. పలకకూ పొరకూ మధ్య సరిహద్దు తనంత తానుగా చేసే పని మూడోది. ఈ మూడింటినీ విడదీయకుండా సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే అతివాహకత వచ్చే ఉష్ణోగ్రత, అంకె ఒక్కదాన్నే చూసి ‘అంతా వికృతి చలవే’, అంటే దూరాల మార్పు చలవే, అనేస్తే పొరపాటే. వరంగల్ ఎన్‌ఐటీలోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, కరీంనగర్ శాతవాహనలోనో ఘనస్థితి భౌతికశాస్త్రం చదువుతున్నవాళ్ళు ఈ ముడి విప్పడం నేర్చుకుంటే, ఈ రంగంలో వచ్చే ఏ పత్రాన్నయినా ధైర్యంగా చదవగలరు.

బిగింపు అంటే ఎంత?

ఇంటర్ మొదటి సంవత్సరంలో ప్రతిబలం, వికృతి అని చదివినదే ఇక్కడా పనిచేస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ తీగకు బరువు కట్టి లాగేవాళ్ళు ఉండరు. పలక స్ఫటికంలో పరమాణువులు ఏ దూరంలో ఉంటే, దాని మీద పెరిగే పొర కూడా అడ్డంగా అదే దూరాన్ని పాటించాల్సి వస్తుంది. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద జంపఖానా నేసేటప్పుడు పడుగు ఎంత వెడల్పున బిగిస్తే పేక అంత వెడల్పునే పడుతుంది కదా, అలాగన్నమాట. పలక మందం అర మిల్లీమీటరు, పొర మందం పది నానోమీటర్లు. పలక యాభై వేల రెట్లు మందం కాబట్టి లొంగేది ఎప్పుడూ పొరే.

లెక్క సులభం. పలక జాలక దూరంలోంచి పొర సహజ జాలక దూరాన్ని తీసేసి, వచ్చిన దాన్ని పొర దూరంతో భాగించాలి. స్ట్రాన్షియం లాంథనం అల్యూమినేట్ దూరం 3.756 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎల్‌ఎస్‌సీఓ సహజ దూరం సుమారు 3.78. కాబట్టి మైనస్ 0.6 శాతం, అంటే నొక్కుడు. స్ట్రాన్షియం టైటనేట్ దూరం 3.905. దాని మీద ప్లస్ 3.3 శాతం, అంటే సాగదీత. నికెలేట్ సహజ దూరం 3.83 చుట్టూ ఉంటుంది కాబట్టి అల్యూమినేట్ మీద సుమారు 2 శాతం నొక్కుడు పడుతుంది. ఈ మూడు లెక్కలూ చేత్తో వేసి చూసుకోవాలి. పత్రాల్లో ‘కంప్రెసివ్’, ‘టెన్సైల్’ అని కనబడే మాటలన్నీ ఈ గుర్తు మైనస్సా ప్లస్సా అన్నదాని మీదే నిలబడి ఉంటాయి.

రెండు శాతం అంటే వినడానికి చిన్న అంకె. ఆక్సైడ్‌ల యంగ్ గుణకం 200 గిగాపాస్కల్ అనుకుని, పాయిజాన్ నిష్పత్తి 0.3 అనుకుంటే, రెండు దిశల్లోనూ ఒకేసారి 2 శాతం నొక్కడానికి కావలసిన ప్రతిబలం దాదాపు 5.7 గిగాపాస్కల్. వాతావరణ పీడనానికి అది యాభై వేల రెట్లకు పైమాటే. వజ్రపు దవడల మధ్య ఇసుక రేణువంత నమూనాకు ఇచ్చే ఒత్తిడిని పది మిల్లీమీటర్ల పలక మీద పరచగలగడమే ఈ పద్ధతి అసలు బలం. వజ్రాల మధ్య ఇరికించిన నమూనాకు నాలుగు తీగలు అతికించడమే కష్టం. పొర మీదైతే నిరోధం, హాల్ ప్రభావం, ఎలక్ట్రాన్ శక్తి పట్టీలు అన్నీ తీరిగ్గా కొలవచ్చు.

అయితే ఇది అన్ని వైపుల నుంచీ నొక్కే ఒత్తిడి కాదు. అడ్డంగా నొక్కితే పొర నిలువుగా సాగుతుంది. నిష్పత్తి 0.3 అయితే 2 శాతం అడ్డం నొక్కుడుకు నిలువున 1.7 శాతం పెరుగుదల వస్తుంది. ఎల్‌ఎస్‌సీఓ విషయంలో ఇది అదృష్టం. ఆ కుటుంబంలో రాగి–ఆక్సిజన్ తలాన్ని నొక్కితే సందిగ్ధ ఉష్ణోగ్రత పెరుగుతుంది, నిలువు అక్షాన్ని నొక్కితే తగ్గుతుంది. అన్ని వైపుల నుంచీ ఒత్తిడి పెడితే ఈ రెండూ ఒకదాన్నొకటి కొంతమేర రద్దు చేసుకుంటాయి. పొరలో మాత్రం అడ్డం నొక్కుడు, నిలువు సాగుడు రెండూ ఒకే వైపుకు లాగుతాయి.

ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన వైబీసీఓలో ఈ అదృష్టం లేదు. అందులో ఏ-అక్షాన్ని నొక్కితే సందిగ్ధ ఉష్ణోగ్రత గిగాపాస్కల్‌కు 2 కెల్విన్ మేర తగ్గుతుంది, బీ-అక్షాన్ని నొక్కితే దాదాపు అంతే పెరుగుతుంది. రెండు అక్షాలనూ ఒకేసారి పట్టుకునే చతురస్రపు పలక మీద ఆ రెండూ చెల్లుకు చెల్లు. 93 కెల్విన్ దగ్గరున్న వైబీసీఓను పలక మార్చి 110కి తీసుకెళ్ళాలని చూసేవాళ్ళు ముందుగా ఈ గుర్తులు గమనించాలి. ఎంత శాతం అన్నదానికంటే ఏ దిశలో అన్నదే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

లోపల ఏం మారుతుంది?

దీనికి అన్ని పదార్థాలకూ సరిపోయే ఒకే జవాబు లేదు. అత్యంత శుభ్రంగా తేలినది స్ట్రాన్షియం రుథినేట్ కథ. అది పొర కాదు, స్ఫటికాన్ని పీజో పరికరంలో (వోల్టేజీ ఇస్తే సాగే, కుంచించుకునే పరికరంలో) బిగించి ఒకే దిశలో నొక్కిన ప్రయోగం. 1.5 కెల్విన్ దగ్గరుండే అతివాహకత, అర శాతం చుట్టూ నొక్కేసరికి 3.4 కెల్విన్‌కు ఎక్కింది. ఇంకా నొక్కితే మళ్ళీ పడిపోయింది. ఆ శిఖరం దగ్గర ఫెర్మీ తలం (ఎలక్ట్రాన్లు నిండిన స్థితుల పై హద్దు) శక్తి పట్టీలోని ఒక జీనుబిందువును తాకుతుంది. అక్కడ ఒకే శక్తి దగ్గర ఎలక్ట్రాన్ స్థితులు కిక్కిరిసి ఉంటాయి. అతివాహకతకు కావలసిన జతలు కట్టడానికి దొరికే ఎలక్ట్రాన్ల సంఖ్య అక్కడ పెరుగుతుంది. ఇంత తేటగా కారణం కనిపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. వికృతి వల్ల పెరుగుదల ఒక శిఖరం దాటాక తిరగబడుతుందన్న పాఠం కూడా ఇందులోనే ఉంది.

రుథీనియం డయాక్సైడ్ మరో రకం. గడ్డగా అది మామూలు లోహం, అతివాహకత జాడే లేదు. టైటానియం డయాక్సైడ్ స్ఫటికపు 110 ముఖం మీద పెంచితే 2 కెల్విన్‌కు కాస్త దిగువన అతివాహకమవుతుందని 2020 తర్వాతి పత్రాలు చూపాయి. ఉన్నదాన్ని పెంచడమే కాదు, లేనిదాన్ని పుట్టించడమూ వికృతికి సాధ్యమే.

కాపర్ ఆక్సైడ్‌ల్లో పరిస్థితి ఇంత తేలిక కాదు. రాగి–ఆక్సిజన్–రాగి బంధం కుంచించుకుంటే ఎలక్ట్రాన్ ఒక రాగి నుంచి పక్క రాగికి దూకడం సులువవుతుంది, పక్క రాగుల అయస్కాంత బంధమూ బలపడుతుంది. పైన ఉండే శిఖర ఆక్సిజన్ దూరమవడం వల్ల తలంలోని ఎలక్ట్రాన్ కక్ష్యలు మరింత శుద్ధంగా ఉంటాయి. ఈ రెండూ మేలు చేస్తాయన్న వాదన బలమైనదే. అయినా ఇప్పటివరకు అది వాదనే.

నికెలేట్‌లో మరో చిక్కు ఉంది. అన్ని వైపుల ఒత్తిడిలో నిలువు అక్షం కూడా కుంచించుకుంటుంది. పలుచని పొరలో అది పెరుగుతుంది. అంటే రెండు నికెల్ తలాల మధ్య దూరం విషయంలో ఒత్తిడీ పలకా ఎదురెదురు పనులు చేస్తున్నాయి. అయినా రెండు చోట్లా అతివాహకత వచ్చింది. కాబట్టి అడ్డం నొక్కుడే ఇక్కడ ముఖ్యమని అనుకోవడానికి బలమైన ఆధారం దొరికినట్లే. వజ్రపు దవడల ప్రయోగాలు మాత్రమే ఉండి ఉంటే ఈ రెండు దిశల పాత్రలను విడదీసి చూసే దారే దొరికేది కాదు.

మందం హద్దు

పలక పట్టు ఎంత మందం వరకైనా నిలవదు. పొర మందమయ్యే కొద్దీ దానిలో దాగిన సాగుడు శక్తి మందంతో పాటే పెరుగుతుంది. ఒక హద్దు దాటాక, ఆ శక్తిని మోయడం కంటే సరిహద్దు దగ్గర ఒక పరమాణు వరుసను తప్పించి పడేయడమే చవక అవుతుంది. అలా ఏర్పడే లోపాలను మిస్‌ఫిట్ డిస్‌లొకేషన్‌లు అంటారు. ఈ సందిగ్ధ మందానికి 1974లో మాథ్యూస్, బ్లేక్‌స్లీ ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక శాతం తేడాకు అది పది నానోమీటర్ల స్థాయిలో వస్తుంది. తేడా పెరిగితే మందం అంతకంటే వేగంగా తగ్గుతుంది. అసలు ప్రయోగాల్లో కొంచెం ఎక్కువే నిలుస్తుంది, ఎందుకంటే లోపం పుట్టడానికి కూడా ఒక అడ్డంకి దాటాలి.

ఎల్‌ఎస్‌సీఓ మీద స్ట్రాన్షియం టైటనేట్ చూపే 3.3 శాతం సాగదీత అందుకే కాగితం మీద లెక్కగానే మిగిలిపోతుంది. పొర త్వరగా సడలి, కొంత భాగం వికృతితోనే నిలుస్తుంది. సడలిన పొరలో కింద ఒక దూరం, పైన ఒక దూరం ఉంటాయి. నిరోధం వక్రరేఖ వెడల్పుగా, మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. పత్రంలో ‘మైనస్ 2 శాతం వికృతి’ అని రాసి ఉంటే, అది పలక పొరల జాలక అంకెల నుంచి లెక్కకట్టిందా, పొరలో నిజంగా కొలిచిందా అని అడగాలి. ఈ రెండూ ఒకటి కావు.

చల్లార్చడం కూడా వికృతిని కలుపుతుంది. 750 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెరిగిన పొరను 4 కెల్విన్ వరకు దించితే సుమారు వెయ్యి డిగ్రీల ప్రయాణం. పలకకూ పొరకూ ఉష్ణవ్యాకోచ గుణకాల్లో డిగ్రీకి పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా 0.1 శాతం వికృతి చేరుతుంది. ఆక్సైడ్ పలకల మీద ఇది భరించదగినదే. సిలికాన్ మీద మాత్రం ముప్పు. సిలికాన్ వ్యాకోచం వైబీసీఓ వ్యాకోచంలో నాలుగో వంతు చుట్టూ ఉండటం వల్ల, సుమారు 50 నానోమీటర్లు దాటిన వైబీసీఓ పొర చల్లారేటప్పుడు పగుళ్ళిస్తుంది.

పొర పెంచడం: ఎక్కడ తప్పుతుంది?

విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది లేజర్ పల్స్‌లతో టార్గెట్‌ను ఆవిరి చేసే పద్ధతి, పీఎల్‌డీ. 248 నానోమీటర్ల క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్, చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 2 జౌళ్ళ శక్తి, సెకనుకు 2 నుంచి 5 పల్స్‌లు, టార్గెట్‌కూ పలకకూ మధ్య 4 నుంచి 6 సెంటీమీటర్లు. కాపర్ ఆక్సైడ్‌లకు పలక 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్, ఆక్సిజన్ 0.1 నుంచి 0.3 మిల్లీబార్. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. ఒక్కో యంత్రంలో సరైన స్థానం వేరుగా ఉంటుంది, వెతికి పట్టుకోవలసిందే.

ఫలితాన్ని సగం నిర్ణయించేది పలక ముఖమే. స్ట్రాన్షియం టైటనేట్‌ను అసిటోన్‌లో, తర్వాత ఐసోప్రొపనాల్‌లో అల్ట్రాసోనిక్ తొట్టిలో ఐదేసి నిమిషాలు కడగాలి. తర్వాత శుద్ధజలంలో పది నిమిషాలు ఉంచితే పైనున్న స్ట్రాన్షియం ఆక్సైడ్ నీటితో చర్య జరిపి హైడ్రాక్సైడ్ అవుతుంది. బఫర్డ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో అర నిమిషం ముంచితే అది కరిగిపోయి టైటానియం ఆక్సైడ్ ముఖం ఒక్కటే మిగులుతుంది. చివరగా ఆక్సిజన్‌లో 950 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు కాలిస్తే ఒక్కో యూనిట్ సెల్ ఎత్తున్న మెట్లు చక్కగా వరుసకడతాయి. ఆమ్లంలో అర నిమిషం ముంచాల్సింది రెండు నిమిషాలు ఉంచితే ముఖం మీద చతురస్రపు గుంటలు పడతాయి. ఆ గుంటలు ప్రతి ఒక్కటీ డిస్‌లొకేషన్ పుట్టే చోటే.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి గట్టిగా చెప్పాలి. చర్మం మీద పడిన వెంటనే మంట తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఎముక దాకా పోతుంది, రక్తంలో కాల్షియాన్ని పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేకుండా, పక్కన మరో మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టనే కూడదు. గాజు పాత్ర వాడకూడదు, అది గాజునే తింటుంది. టెఫ్లాన్ పాత్రే వాడాలి.

అల్యూమినేట్ పలకకు ఇంత చక్కని శుద్ధి విధానం లేదు. దాని స్ఫటికంలో స్ట్రాన్షియం, లాంథనం ఒకే స్థానాన్ని కలగలిపి పంచుకుంటాయి. ఏ పరమాణు తలం పైన ముగుస్తుందో అదుపు చేయడం కష్టం. మొదటి ఒకటి రెండు పొరలు గజిబిజిగా పెరిగి, తప్పు క్రమపు అంతస్తులు చొరబడటానికి ఇదొక కారణం.

పలకను వేడి పళ్ళానికి వెండి పేస్ట్‌తో అతికిస్తారు. పేస్ట్ సమంగా పరుచుకోకపోతే పలక ఒక మూలకూ మరో మూలకూ పదుల డిగ్రీల తేడా వస్తుంది. పొరలో సగం అతివాహకమై సగం కాకుండా పోవడానికి తరచుగా దొరికే దోషి ఇదే. పేస్ట్‌ను వంద డిగ్రీల పైన నెమ్మదిగా ఆరనివ్వాలి. తొందరపడితే బుడగలు లేచి పలక ఊడిపడుతుంది.

ఇక్కడి వాతావరణానికి సంబంధించిన జాగ్రత్తలూ ఉన్నాయి. మే నెలలో రామగుండం, వరంగల్ వైపు ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు లేజర్, టర్బో పంపుల చిల్లర్ బయటి వేడికి చేతులెత్తేస్తుంది. పంపు మధ్యలో ఆగితే గదిలో పీడనం ఎగబాకి, వేడిగా ఉన్న పొర రసాయన సమతౌల్యం చెడుతుంది. చిల్లర్‌ను నీడలో, గాలి ఆడే చోట పెట్టడం, పంపులకూ హీటర్ నియంత్రణకూ యూపీఎస్ ఇవ్వడం ఇక్కడ తప్పనిసరి ఖర్చులు. వానాకాలంలో మెగ్నీషియం ఆక్సైడ్ పలకలు బయట వదిలేస్తే గాలిలో తేమ పట్టి ముఖం మీద హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఉంచాలి, జెల్ రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టాలి. వైబీసీఓ పొరలకూ తేమ శత్రువే.

పలుచగా పరిచిన నికెలేట్‌లలో అనంతపొర నికెలేట్ అనే మరో రకం ఉంది. 2019లో స్టాన్‌ఫోర్డ్‌లోనే దానిలో అతివాహకత కనిపించింది. దాన్ని నేరుగా పెంచరు. ముందు మూడు ఆక్సిజన్‌లుండే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక రూపంలో పెంచి, కాల్షియం హైడ్రైడ్‌తో కలిపి శూన్యం చేసిన గాజు గొట్టంలో మూసి, 260–280 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి ఒక ఆక్సిజన్‌ను లాగేస్తారు. ఇక్కడ వికృతి గుర్తే తిరగబడటం చూడండి. నియోడిమియం నికెలేట్ పెరోవ్‌స్కైట్‌గా ఉన్నప్పుడు దూరం 3.81. స్ట్రాన్షియం టైటనేట్ మీద అది 2.5 శాతం సాగదీతలో ఉంటుంది. ఆక్సిజన్ పోయాక సహజ దూరం 3.92 అవుతుంది, అంటే అదే పలక మీద ఇప్పుడు స్వల్ప నొక్కుడు. మొదటి దశలో పడిన సాగదీతకు పుట్టిన లోపాలు రెండో దశలోనూ ఉండిపోతాయి. పలకను 3.868 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎల్‌శాట్ అనే మరో ఆక్సైడ్‌కు మార్చితే మొదటి దశ భారం 1.5 శాతానికి తగ్గుతుంది. పొర శుభ్రంగా వచ్చింది, సందిగ్ధ ఉష్ణోగ్రతా పెరిగింది. ఈ పెరుగుదలలో నొక్కుడు వాటా ఎంత, లోపాలు తగ్గిన వాటా ఎంత అన్నది వెంటనే అడగవలసిన ప్రశ్న.

ఆక్సిజన్ అనే దాగుడుమూతల ఆటగాడు

ఆక్సైడ్ అతివాహకాల్లో ఆక్సిజన్ పాలు కొంచెం మారినా రంధ్రాల సంఖ్య, అంటే ధనావేశ వాహకాల సంఖ్య మారుతుంది. సందిగ్ధ ఉష్ణోగ్రత దాని వెంటే నడుస్తుంది. వికృతి ఆక్సిజన్‌ను ముట్టుకోకుండా ఉండదు. సాగదీసిన ఆక్సైడ్‌లో ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడటం సాధారణంగా సులువు. పలక మార్చిన క్షణంలోనే, మనకు తెలియకుండా, ఆక్సిజన్ పాలు కూడా మారిపోతుంది.

ఎల్‌ఎస్‌సీఓ 49 కెల్విన్ ఫలితం తర్వాత 2002లో భౌతిక శాస్త్రవేత్త బొజోవిక్, ఆయన సహచరులు ఈ చిక్కునే బయటపెట్టారు. ఓజోన్‌తో కాల్చి అదనపు ఆక్సిజన్ చొప్పించిన పొరల్లో 51.5 కెల్విన్ వచ్చింది. అదనపు ఆక్సిజన్ చేరినా నిలువు అక్షం సాగుతుంది, అడ్డంగా నొక్కినా నిలువు అక్షం సాగుతుంది. కాబట్టి ‘నిలువు అక్షం పెరిగింది, సందిగ్ధ ఉష్ణోగ్రత పెరిగింది, ఇది వికృతి వల్లే’ అన్న తర్కం నిలబడదు. నా దృష్టిలో ఈ రంగంలో ప్రతి విద్యార్థీ మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

నికెలేట్‌కూ ఇదే వర్తిస్తుంది. పెంచిన వెంటనే ఆ పొరల్లో అతివాహకత సరిగా ఉండదు. ఓజోన్‌లో కాల్చాకే వస్తుంది. అంటే పలక నొక్కుడు అవసరమే, అదొక్కటే చాలదు.

విడదీయడానికి దారులున్నాయి. ఒకే హీటర్ మీద రెండు మూడు రకాల పలకలను పక్కపక్కన పెట్టి ఒకేసారి పొర పెంచాలి. లేజర్, ఆక్సిజన్, చల్లార్పు అన్నీ ఒకటే కాబట్టి పలక తేడా మాత్రమే మిగులుతుంది. తర్వాత ఒకే పలక మీద 5, 10, 20, 50 నానోమీటర్ల వరుస చేయాలి. వికృతి సడలే మందం దగ్గరే సందిగ్ధ ఉష్ణోగ్రత కూడా మారితే సంబంధం నమ్మదగినది. హాల్ కొలత వాహకాల సంఖ్య గురించి సూచన ఇస్తుంది. అన్నిటికంటే గట్టి రుజువు పీజో పలక. వోల్టేజీకి ఆకారం మార్చుకునే పీఎంఎన్-పీటీ లాంటి పలక మీద పొర పెంచి వోల్టేజీ ఇస్తే, ఆక్సిజన్‌ను తాకకుండా వికృతిని కొద్దిగా అటూ ఇటూ తిప్పవచ్చు. మార్పు ఒకటి రెండు శాతాలు కాదు, శాతంలో పదో వంతే. అయినా అది వెనక్కీ ముందుకీ తిరిగేదైతే వాదన అక్కడితో తేలిపోతుంది.

సరిహద్దు ప్రభావానికి హెచ్చరికగా ఐరన్ సెలినైడ్‌ను గుర్తుంచుకోవాలి. గడ్డగా 8 కెల్విన్. కాల్షియం ఫ్లోరైడ్ పలక మీద నొక్కుడుకు లోనైన పొరల్లో 11, 12 కెల్విన్. అదే స్ట్రాన్షియం టైటనేట్ మీద ఒకే ఒక్క యూనిట్ సెల్ మందాన, సాగదీతలో పెంచితే, ఎలక్ట్రాన్లు జత కట్టాయనడానికి గుర్తయిన శక్తి విరామం 65 కెల్విన్ దగ్గరి దాకా నిలుస్తుంది. సాగదీతే కారణమైతే ఈ రెండూ పొసగవు. ఆ ఒక్క పొరలోకి పలక నుంచి ఎలక్ట్రాన్లు దిగుతాయి, పలక కంపనాలూ తోడవుతాయి. దీన్ని వికృతి విజయంగా లెక్కించడం తప్పు.

కొలత

ఎక్స్‌రే వివర్తనంలో మామూలు టూ-థీటా పరుగు నిలువు అక్షాన్ని మాత్రమే చెబుతుంది. అడ్డం దూరం తెలియాలంటే వాలు ప్రతిబింబం చుట్టూ పటం తీయాలి. స్ట్రాన్షియం టైటనేట్‌కు సాధారణంగా 103 ప్రతిబింబం తీసుకుంటారు. పటంలో పొర మచ్చ పలక మచ్చకు సరిగ్గా నిలువు గీతలో ఉంటే పొర పట్టుకొని ఉంది. పక్కకు జరిగితే ఆ మేరకు సడలింది. పది నానోమీటర్ల పొర నుంచి వచ్చే సంకేతం బలహీనం కాబట్టి పౌడర్ యంత్రం సరిపోదు, సమాంతర కిరణమున్న గోనియోమీటర్ కావాలి. లాంథనం అల్యూమినేట్ (స్ట్రాన్షియం లేని వేరే పలక) వాడితే దానిలో సహజంగా ఉండే కవలలు మచ్చలను చీలుస్తాయి. అది పొర లోపమని పొరబడకూడదు.

నిరోధం కొలిచేటప్పుడు విద్యుత్తు విలువ మీద కన్నుండాలి. 1 మిల్లీమీటరు వెడల్పు, 10 నానోమీటర్ల మందం ఉన్న పొరలో 1 మైక్రో ఆంపియర్ పంపితే చదరపు సెంటీమీటరుకు 10 ఆంపియర్లు. 1 మిల్లీ ఆంపియర్ అయితే అది 10,000. బలహీనమైన పొరలో ఆ విద్యుత్తే అతివాహకతను చెడగొడుతుంది. మరో ఉచ్చు పలకలోనే ఉంది. స్ట్రాన్షియం టైటనేట్‌ను ఆక్సిజన్ తక్కువగా ఉన్న శూన్యంలో ఎక్కువసేపు వేడి చేస్తే అదే వాహకమవుతుంది. చల్లార్చే కొద్దీ దాని నిరోధం వేగంగా పడిపోతుంది, పొర నిరోధం పడినట్టు కనిపిస్తుంది. 105 కెల్విన్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారడం వల్ల వక్రరేఖలో చిన్న మలుపూ రావచ్చు. పొర లేని ఖాళీ పలకను అదే గదిలో, అదే వేడికి గురిచేసి కొలిచి చూడటం వల్ల ఈ సందేహం తీరుతుంది.

నిరోధం సున్నా అయినంతమాత్రాన పొరంతా అతివాహకం కాదు. ఒక సన్నని దారి చాలు. పొర మొత్తం అయస్కాంత క్షేత్రాన్ని తిప్పికొడుతోందా అన్నది రెండు తీగచుట్టల మధ్య పొరను ఉంచి, పరస్పర ప్రేరణ కొలిచి తెలుసుకోవాలి. నికెలేట్ తొలి పొరల్లో అతివాహకత 40 కెల్విన్ చుట్టూ మొదలైనా, నిరోధం పూర్తిగా సున్నా అయ్యేది చాలా దిగువన. అందుకే ‘మొదలు’, ‘సున్నా’ రెండు అంకెలూ చూడకుండా పత్రాల మధ్య పోలిక చేయకూడదు.

ఏం ఆశించవచ్చు?

రామగుండం నుంచి బయల్దేరే 400 కేవీ లైన్ల స్థానంలో ఈ పొరలు వస్తాయని ఆశించడం సరికాదు. పది నానోమీటర్ల మందంలో నడిచే విద్యుత్తు చాలా తక్కువ, వికృతి మందంగా నిలవదు. విద్యుత్ తీగలుగా పనికొచ్చే వైబీసీఓ టేపుల్లో పొర ఒక మైక్రోమీటరుకు పైనే ఉంటుంది, ఆ మందంలో పలక పట్టు ఎప్పుడో సడలిపోతుంది. అక్కడ బేరియం జిర్కోనేట్ నానో కడ్డీలను పొరలో నాటి, వాటి చుట్టూ పుట్టే స్థానిక వికృతినీ లోపాలనూ అయస్కాంత సుడులను పట్టుకునే మేకులుగా వాడతారు. దానివల్ల సందిగ్ధ ఉష్ణోగ్రత కాస్త తగ్గుతుంది, మోయగల విద్యుత్తు మాత్రం బాగా పెరుగుతుంది.

పలుచని పొరల అసలు విలువ దారి చూపడంలో ఉంది. 1986–87లో లాంథనం బేరియం కాపర్ ఆక్సైడ్ మీద ఒత్తిడి పెడితే సందిగ్ధ ఉష్ణోగ్రత పెరగడం చూసి, భౌతిక శాస్త్రవేత్త పాల్ చూ బృందం లాంథనం స్థానంలో అంతకంటే చిన్నదైన ఇట్రియం పెట్టింది. ఆ దారిలోనే 93 కెల్విన్ వైబీసీఓ దొరికింది. బయటి ఒత్తిడి చేసే పనిని చిన్న పరమాణువుతో చేయించడం అన్నమాట. నికెలేట్‌లో ఇప్పుడు లాంథనంలో కొంత భాగాన్ని ప్రాసియోడిమియంతో మార్చడం వెనక ఈ ఆలోచన కూడా ఉంది. అలా చేసిన పొరల్లో 45 కెల్విన్ దగ్గర అతివాహకత మొదలవడం 2025లో ప్రచురితమైంది. పొరలో ఏ బంధం ఎటు మారితే మేలో తేలితే, గడ్డ పదార్థంలో అదే మార్పును రసాయనికంగా తేవడానికి ప్రయత్నించవచ్చు.

ద్రవ హీలియం అందుబాటులో లేని చోట మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు వైబీసీఓ ఉత్తమం. పశువుల ఆసుపత్రుల్లో వీర్యపు స్ట్రాలు దాచే డబ్బాలో ఉండే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ ఇస్తుంది, అది చాలు. స్ట్రాన్షియం టైటనేట్, లాంథనం అల్యూమినేట్, మెగ్నీషియం ఆక్సైడ్ పలకల మీద ఒకేసారి వంద నానోమీటర్ల పొరలు పెంచి, 500 డిగ్రీల దగ్గర అరగంట ఆక్సిజన్ ఇచ్చి చల్లార్చాలి. 005 శిఖరం నుంచి నిలువు అక్షం లెక్కకట్టాలి. ఆక్సిజన్ నిండుగా ఉంటే అది 11.68 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది. ఆక్సిజన్ పూర్తిగా పోతే 11.82 దాకా పెరుగుతుంది. ఆ పొరనే తక్కువ ఆక్సిజన్‌లో మళ్ళీ కాల్చి, అక్షం ఎంత సాగిందో, సందిగ్ధ ఉష్ణోగ్రత ఎంత పడిందో పక్కపక్కన గీయాలి. తర్వాత ఆక్సిజన్ తిరిగి ఇచ్చి రెండూ వెనక్కి వస్తున్నాయో లేదో చూడాలి. వెనక్కి వచ్చిన భాగం ఆక్సిజన్‌ది. మూడు పలకల మధ్య ఎన్నిసార్లు కాల్చినా చెరగకుండా మిగిలిన తేడాను పలకల ఖాతాలో వేసి, దానిలో వికృతి వాటా ఎంతో వాలు ప్రతిబింబం పటంతో సరిచూసుకోవాలి.